శశికళ ట్రేలో పెట్టిన రెండు స్లయిడ్లు

అమెరికాలో మా ఊరు నేపర్‌విల్‌లో అప్పట్లో పదిహేను తెలుగు కుటుంబాలు, ఒక డాక్టరు. పేరు జగన్మోహన్. ఎవరికి నలతగా ఉన్నా, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో పులిహోర ప్లేటు పట్టుకునే ఆయనకు చెప్పుకునేవాళ్లం. ఆయన నములుతూనే మందు చెప్పేవాడు. మనవాడుండగా వేరేవాళ్ల దగ్గరికి పోవడమెందుకని అనుకున్నాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది.

డెబ్బై తొమ్మిదిలో రెండో కాన్పయ్యాక నా భార్య శశికళకు కాలు వాచి తగ్గింది. ఆ తర్వాత ఆయాసం పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే కూలబడేది. జగన్మోహన్ స్టెతస్కోపైనా పెట్టకుండా, "నెర్వ్సమ్మా, ఇంటి మీద బెంగ. వాకింగ్ చెయ్యి," అన్నాడు, అందరి ముందూ. ఆనాటి నుంచి శశి కుర్చీలో కూర్చుంటే చాలు, పని తప్పించుకుంటోందని నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

ఎనభై అయిదులో రైల్వే స్టేషన్ మెట్ల మీద పడిపోయింది. కాలిలోని రక్తపు గడ్డలు ఊపిరితిత్తుల నాళాల్లోకి పోయి అతుక్కుపోయాయట. అక్కడ బీపీ పెరిగిపోయి, గుండె రక్తాన్ని తోసి తోసి అలిసిపోయిందట. వాటిని తీసే ఆపరేషన్ చేసేవాళ్లు దేశంలో బహు తక్కువ. శాండియాగో వెళ్లాం. ఒళ్లు చల్లబరిచి, రక్తప్రసరణ కాసేపు ఆపి, గడ్డల్ని నాళాల గోడల నుంచి ఒలిచి తీశారు. గుడ్డ మీద పరిచి ఫొటో తీసుకున్నారు. శశి సర్జన్‌ని అడిగి, ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసుకునే దాని స్లయిడు తెచ్చుకుంది.

"ఎవరి ముందు నన్ను సోమరిదాన్ని చేశారో వాళ్ల ముందే చూపిస్తాను," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. జగన్మోహన్ని నలుగురిలో కడిగెయ్యాలని నేనూ పళ్లు నూరుతున్నాను. ఆయనింట్లోనే భోజనాలయ్యాక మా కాలిఫోర్నియా స్లయిడ్లు వేశాను. ప్రొజెక్టర్ ట్రేలో వాటిని వరసగా సర్దింది శశి. సముద్రం, జూ, తర్వాత గోడంతా గడ్డలు.

"అల్లం కొమ్ములా?" అన్నారెవరో.

"డాక్టర్ గారు చెప్పిన నా నెర్వ్స్," అంది శశి.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అప్పట్లో ఎవరికీ తట్టేది కాదమ్మా."

"తెలీదని చెప్పాల్సింది."

ఆయన తల దించుకున్నాడు. నా కడుపుమంట చల్లారింది. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అనుకుని మురిసిపోయాను.

"ఏవండీ, ఇంకొకటుంది, నొక్కండి," అంది.

నొక్కాను. వాషింగ్టన్ ట్రిప్పు, ఎనభై ఒకటి. పాలరాతి మెట్ల మధ్యలో కూలబడి, పెదాలు నల్లబడి, శశి పైకి చెయ్యి చాపుతోంది.

"ఇది డాక్టర్ గారి తప్పు కాదు," అంది శశి అందరితో. "చెయ్యి పట్టుకోమన్నాను. మా ఆయన ఫొటో తీసుకున్నారు."