కుర్చీ దిగిన రాయబారి

ఆ రోజు కుళాయి ఆరుంబావుకి వచ్చింది. బిందెలు నింపి, పెరట్లో నందివర్ధనాలు కోసి, దేవుడి దగ్గర దీపం పెట్టాను. అమ్మకు రాగిజావ కలుపుతున్నాను. గేటు గెడ రెండుసార్లు మోగింది. మెల్లగా. టక్, టక్.

"వస్తున్నా మాస్టారూ" అన్నాను, తల తిప్పకుండానే.

కాలింగ్ బెల్ ఉండగా గెడ కొట్టే మనిషి మాకు ఆయనొక్కరే. గ్లాసుతో మంచినీళ్లు పట్టుకుని బయటికి వెళ్లాను. గేటు దగ్గర ఉన్నది మాస్టారు కాదు, మన తెలుగు సంఘం ఇప్పటి అధ్యక్షుడు. అతనూ ఆయన శిష్యుడే. గెడ కొట్టడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నట్టున్నాడు. హెల్మెట్ రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, మాస్టారు వెళ్లిపోయేరు. నిద్రలోనే."

గ్లాసు పిట్టగోడ మీద పెట్టేశాను. జావ సంగతి అమ్మ పిలిచేదాకా గుర్తు రాలేదు.

ఈ సంఘం పత్రిక చదివే మీలో సగం మంది ఆయన సోషల్ క్లాసులో కూర్చున్నవాళ్లే. మిగతావాళ్లు ఆయన్ను సంఘం అధ్యక్షుడిగా ఎరుగుదురు. ఆ రెండు విధాలా నేనూ ఎరుగుదును. మూడో విధం ఒకటుంది. అది ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేను.

పదో తరగతిలో ఆయన మాకొక డిబేట్ పెట్టారు. రాష్ట్రపతిగా చేసినవారు తర్వాత విదేశాంగ మంత్రి కావచ్చునా, కాకూడదా? బోర్డు మీద రాసి, చాక్‌పీసు జేబులో వేసుకుని, వెనక బెంచీలో కూర్చున్నారు. నేను కాకూడదన్న పక్షం. తనను చూసి దేశమంతా లేచి నిలబడిన మనిషి ఇంకొక దేశం వరండాలో తన వంతు కోసం కూర్చోకూడదన్నాను. అది మొదటి పాయింటు. పెద్ద కుర్చీలో కూర్చున్నవారికి ఒకరి మాట మోయడం రాదు, దారిలో తన మాట కలిపేస్తారు అన్నాను. అది రెండోది. నేనే గెలిచాను. ఆయన జేబులోంచి తీసిన పెన్నే బహుమతి.

ఆ రోజు బడి వదిలాక నన్ను ఆపారు. "బాగా చెప్పేవమ్మా. కుర్చీ గురించే చెప్పేవు. అవతల గుమ్మంలో తలుపు తీసినోళ్ల గురించి ఒక్క ముక్కా అన్లేదు."

నాకు అర్థం కాలేదు. ఇంటికి రాగానే తమ్ముడు పెన్ను లాక్కుని, నన్ను 'రాష్ట్రపతిగారు' అని పిలవడం మొదలుపెట్టాడు. వాడు నాకంటే అయిదేళ్లు చిన్న. ఆ పేరు ఇంట్లో ఉండిపోయింది.

నాన్న పోయాక ఆయన బదులు ఉక్కు ప్లాంటులో ఉద్యోగం నాకిచ్చారు. అప్పటినుంచి ఇంట్లో ఏ కాగితమైనా నా దగ్గరికే వచ్చేది. చెల్లి చదువు, తమ్ముడి చదువు, చెల్లి పెళ్లి. అందరూ నా మొహం చూసేవారు. అది బరువనే అనుకునేదాన్ని. అలవాటని ఆలస్యంగా తెలిసింది.

మాస్టారు సంఘం అధ్యక్ష పదవి వదిలిన ఏడాది మీకు గుర్తుండే ఉంటుంది. కొత్త అధ్యక్షుడు ఆయన్ను ఒక పని చేసిపెట్టమని అడిగాడు. హాలు కోసం, వినాయకుడి పందిరి కోసం, పక్క సంఘాలతో వచ్చే తగువుల కోసం వెళ్లి మాట్లాడి రావాలి. ఆయన ఒప్పుకున్నారు. మనలో చాలామందికి నచ్చలేదు. నాకసలు నచ్చలేదు. ఒకప్పుడు ఆయనకు కుర్చీ వేసిన ఆఫీసులోనే గుడ్డసంచీ పట్టుకుని వరుసలో నిలబడటం నా కళ్లతో చూశాను. ఆ మాటే అడిగాను.

"అధ్యక్షుడిగా ఎళ్తే నా మాట వాళ్లు వినేవోరు బేటీ. ఇప్పుడు వాళ్ల మాట నేను వింటన్నాను. పనులు ఇప్పుడే అవుతన్నాయి."

అన్నీ అయ్యాయని కాదు. ఒకసారి పక్క సంఘానికి మన హాలు రెండు రోజులు ఇస్తామని, ఎవరినీ అడక్కుండా మాటిచ్చి వచ్చారు. అధ్యక్షుడు ఇరుకున పడ్డాడు. మాస్టారు మా ఇంటికొచ్చి, "నీ రెండో పాయింటు కరెక్టే" అని చెప్పి వెళ్లారు. అందుకోసమే వచ్చారు.

ఆయనకొక పట్టుదల ఉండేది. ఒకరి తరఫున ఒక ఇంటికి వెళ్తే పని తేలేదాకా అక్కడ పచ్చి మంచినీళ్లు ముట్టేవారు కాదు. ఊరికే వచ్చిన రోజు మాత్రం గ్లాసు ఎత్తి గటగటా తాగేసేవారు. దాన్నిబట్టి ఎందుకొచ్చారో తెలిసిపోయేది.

పన్నెండేళ్ల కిందట తమ్ముడు ఇక్కడి అమ్మాయిని చేసుకుంటానన్నాడు. ఛత్తీస్‌గఢ్ వాళ్లు. అప్పటికే నేను వాడి సంబంధానికి విజయనగరంలో ఒకరికి మాటిచ్చి ఉన్నాను. కుదరదన్నాను. వాడు అరవలేదు.

"ఈ ఇంటికి నువ్వే రాష్ట్రపతివి. సంతకం నీదే. నీ సంతకం లేకండా ఎళ్తన్నానక్కా."

పక్క ఊరు దుర్గ్‌లో రిజిస్టర్ పెళ్లి. నేను వెళ్లలేదు. వాడు రుఆబాంధా సెక్టార్‌లో కాపురం పెట్టాడు. ఇక్కడికి ఎంతో దూరం లేదు. దుర్గ్‌లో చెల్లి ఇంటికి వెళ్లి అమ్మ వాణ్ని చూసి వస్తుందని నాకు తెలుసు. నేను అడగను, ఆవిడ చెప్పదు. మరదలి మొహం నేను ఇప్పటికీ చూడలేదు.

ఆ పెళ్లయిన నెలకు మాస్టారు వచ్చారు. గెడ రెండుసార్లు. మంచినీళ్లు ఇచ్చాను. తీసుకుని పిట్టగోడ మీద పెట్టారు. "మీ తమ్ముడు ఒక మాట..." అన్నారు.

నేను చేతులు జోడించాను. "మీరు అధ్యక్షులుగా చేసినవారు మాస్టారూ. మా ఇంటి గొడవకి ఇలా గుమ్మాలు తిరగడం నేను చూళ్లేను. ఆ మాట తప్ప ఇంకేదైనా చెప్పండి."

గౌరవంగానే అన్నాను. ఎంత గౌరవంగా అంటే, ఆయనకిక మాట్లాడే దారి లేదు. "ఆ పెన్ను నేనే ఇచ్చేను కదా" అని నవ్వి వెళ్లిపోయారు. గ్లాసు నిండుగా ఉంది.

తర్వాత కూడా పొద్దుటి నడకలో వచ్చేవారు, పూలు పట్టుకెళ్లేవారు, నీళ్లు తాగేవారు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేను అడిగితే చెప్పేవారు. పన్నెండేళ్లు అడగలేదు. రోజూ దీపం పెట్టి కళ్లు మూసుకుంటే ఆ సగం మాటే వినపడేది. మీ తమ్ముడు ఒక మాట.

కిందటి నెలలో పేపరు కత్తిరించి పట్టుకొచ్చారు. ఏదో దేశంలో మాజీ అధ్యక్షుణ్ని విదేశాంగ మంత్రిని చేయొచ్చా అని వాదించుకుంటున్నారట.

"మన టాపిక్ మళ్లీ వచ్చిందమ్మా. ఇప్పుడు నువ్వు ఏ పక్షం?"

"ఆలోచించి చెప్తాను మాస్టారూ."

"తొందరేటీ లేదులే" అన్నారు.

ఆ కాగితం దేవుడి గూట్లో పెట్టాను. నేను జవాబు చెప్పకముందే ఆయన వెళ్లిపోయారు.

కబురు తెలిసిన ఆ పొద్దున్నే మాస్టారింటికి వెళ్లాను. తమ్ముడు తెల్లారేసరికే వచ్చి కాళ్లకు దండం పెట్టుకుని డ్యూటీకి వెళ్లాడన్నారు. మాస్టారి భార్యను మేం అత్తయ్యగారు అంటాం. ఆవిడ పక్కన కూర్చున్నాను. అడిగే సమయం కాదు. అయినా అడిగాను. అప్పుడు తమ్ముడు ఏం చెప్పి పంపాడో మాస్టారు మీతో ఎప్పుడైనా అన్నారా అని.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"మీ వోడు ఏటీ చెప్పలేదమ్మా. వోడు పంపనేలేదు. ఈయనే ఎళ్లేరు. ముందు వోడింటికెళ్లి, మీ అక్క ఒక మాట చెప్పమందిరా అన్నారంట. వోడూ విన్నాడు కాదు. తర్వాత నీ దగ్గరికొచ్చేరు."

"మరి ఏం చెప్దామనుకున్నారు అత్తయ్యగారూ?"

"నేనూ అడిగేను. తలుపు తీస్తే అప్పుడు చూసుకుందారిలే అన్నారు."

ఇంటికి ఎలా వచ్చానో గుర్తు లేదు. పన్నెండేళ్లు నా చెవిలో తిరిగిన మాట ఎవరిదీ కాదు. దారిలో తన మాట కలిపేస్తారని పదిహేనేళ్ల వయసులో అన్నాను. ఆయన మోసుకొచ్చినదంతా ఆయన మాటే. అదైనా ఏమిటో ఇక తెలియదు.

సాయంత్రం చెల్లి దుర్గ్ నుంచి వచ్చింది. ముగ్గురం వరండాలో కూర్చున్నాం. విన్నదంతా చెప్పాను. నేను రుఆబాంధా వెళ్తానన్నాను. చెల్లి ఒప్పుకోలేదు. "నువ్వెళ్తే వాడి దగ్గర లోకువైపోతావు దీదీ. పెద్దదానివి. నేను చెప్తాను కదా, ఇన్నాళ్లూ నేనే కదా పోస్టుమ్యాన్‌ని" అంది. అది నా మొదటి పాయింటే. వేరే గొంతులో వింటే చాలా చిన్నదిగా ఉంది.

అమ్మ మా వైపు తిరిగింది.

"ఈసారికి రాష్ట్రపతినే ఎల్లనీ."

"వెళ్లి ఏం చెప్పనమ్మా?"

"మాస్టారు లేరని చెప్పు."

"వాడికి తెలుసు కదా. పొద్దున్నే వచ్చి చూసి వెళ్లాడు."

"నువ్వు చెప్పగా తెలీలేదు కదా."

ఆ సాయంత్రం మేం ముగ్గురం అనుకున్నది ఇది. మాస్టారి పెద్దకర్మ లోపల, పొద్దున్న నీళ్లు పట్టుకున్నాక, నేనొక్కదాన్నే రుఆబాంధా వెళ్లాలి. చెల్లి ముందుగా ఫోన్ చేసి చెప్పకూడదు. వాళ్లింటికి బెల్ ఉన్నా గెడే కొట్టాలి, రెండుసార్లు. తలుపు తీసేది మరదలే కావచ్చు. నేనెవరో నేనే చెప్పుకోవాలి. పిట్టగోడ మీద పొద్దుటి గ్లాసు అలాగే ఉంది, అందులో ఒక పూరేకు పడి తేలుతోంది. మరదలు మంచినీళ్లు ఇస్తే తాగాలా, పక్కన పెట్టాలా అని అడిగాను. అది మాత్రం అక్కడికెళ్లాక తేల్చుకోమంది అమ్మ.