మెట్ల లెక్క

పోస్టాఫీసు గుమస్తాగా రిటైరైన తావ్ గుయ్‌జెన్ రోజూ పొద్దున్నే షాంగ్ నడిపే నూడుల్స్ అంగడిలో, వేణ్ణీళ్ల ఫ్లాస్కు పక్కన యున్‌పింగ్ కొండల పటం పరుస్తుంది. ఆరేళ్లుగా ఆ కొండల ప్రయాణానికి సిద్ధమవుతూనే ఉంది. అక్కడి సత్రాలకు ఫోన్లు చేసి మంచు ఎప్పుడు విడుతుందో, పియర్ చెట్లు ఎప్పుడు పూస్తాయో అడిగి రాసుకుంటుంది. షాంగ్‌ది ఆ కొండల్లోని ఊరే, అతను అక్కడికి వెళ్లి తొమ్మిదేళ్లయింది.

"అమ్మ సమాధి శుభ్రం చేసి రావాలి పిన్నీ. మా ఊరికి బస్సు ఎక్కడ దిగాలిప్పుడు?" అని ఒకరోజు నసిగాడు. "పాత వంతెన మూసేశారుగా, సొరంగం దాటాక దిగు. మీ వాగొడ్డున పియర్లు మొన్ననే పూశాయిట." షాంగ్ చేతిలో గరిటె ఆగింది. "మీరెప్పుడెళ్లొచ్చారు?" "ఇంకా లేదు," అంటూ ఆమె పెన్సిలు మొన నాలుకకు అద్దుకుంది. "కొండ మెట్లు ఒకరు మూడొందల పన్నెండంటారు, ఇంకొకరు పద్నాలుగంటారు. లెక్కపెట్టి చెప్పు నాయనా, నా ప్రయాణం అక్కడే ఆగిపోయింది."