అమ్మ పిలిచినా పలకని బిడ్డ

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ పత్రికలో మీరు చదివే సాక్ష్యాల్లో తాగుడు మానినవాళ్ళు ఉంటారు, డాక్టర్లు చేతులెత్తేసిన రోగం నుంచి బతికి బయటపడ్డవాళ్ళు ఉంటారు. నేను ఒక్క చుక్క తాగినదాన్ని కాను, నాకు ఏ జబ్బూ లేదు, పద్నాలుగేళ్ళకే బాప్తిస్మం తీసుకుని ఒక్క ఆదివారం కూడా ఆరాధన మానకుండా పెరిగినదాన్ని. అయినా ఒక చీకటి నన్ను పట్టుకుంది. అది మందిరంలోనే పట్టుకుంది, చేతిలో బైబిలు ఉండగానే పట్టుకుంది, అందుకే దాని పేరు పైకి చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. పిల్లలు భయపడుతుంటే చూడటం నాకు ఇష్టంగా ఉండేది.

నా పేరు సుగుణ. నల్లమాడ దగ్గర ఒక పల్లెలో, ఊరికి కాస్త ఎడంగా ఇరవై ఇళ్ళున్న మా వీధిలో బట్టలు కుట్టుకుని బతుకుతాను. వీధి అంతా విశ్వాసులమే. చివర రేకుల మందిరం, దాని వెనక బండరాళ్ళ గుట్ట. రెండువేల సంవత్సరం ఇంకా రాకముందు మా పాస్టరయ్య పన్నెండు నుంచి పదిహేనేళ్ళ పిల్లల తరగతిని నాకు అప్పగించారు. ఆ వయసు పిల్లలకు బోధించినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. చిన్నపిల్లల్లాగా పాటకు చేతులు ఊపరు, పెద్దవాళ్ళలాగా ఊరకే కూర్చోరు, ఏం చెప్పినా ఒకరినొకరు గిల్లుకుని నవ్వుతారు. ఒకరోజు నేను కాస్త ఆలస్యంగా వెళ్ళేసరికి సలోమి అనే పిల్ల నా కొంగులాగా చున్నీ కప్పుకుని, నేను ప్రార్థన చేసేటట్టే ముక్కుతో రాగం తీస్తూ ఉంది, మిగిలినవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నేను బైబిలు తెరిచి పాఠం మొదలుపెట్టాను. ఆ నవ్వును మాత్రం మనసులో పెట్టుకున్నాను.

ఒక ఆదివారం గోల భరించలేక ఉన్నట్టుండి ప్రభువు రాకడ గురించి, ఆయన తిరిగొచ్చి తన వాళ్ళను పైకి ఎత్తుకుపోయే రోజు గురించి మొదలుపెట్టాను, ఈ క్షణమే ఆయన వస్తే మీ అమ్మ ఎత్తబడుతుంది, మీ చెల్లి ఎత్తబడుతుంది, నువ్వు మాత్రం ఈ చాప మీదే మిగిలిపోతావు అన్నాను. అంతే, ఇరవై మంది పిల్లలు ఊపిరి బిగబట్టారు, ఎండకు పైన రేకులు టక్కుమని విచ్చుకునే చప్పుడు కూడా వినిపించింది. సహోదరులారా, ఆ నిశ్శబ్దం రుచి మరిగాను నేను.

ఆ రోజుల్లో రెండువేలు వస్తే లోకం ఉండదని అందరూ అనుకునేవాళ్ళు కాబట్టి నా పని సులువయింది. కానీ ఆ సంవత్సరం వచ్చింది, లోకం అలాగే ఉంది, పిల్లలు మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు నేను ఒక పద్ధతి కనిపెట్టాను. ప్రార్థనకు అందరినీ కళ్ళు మూసుకోమనేదాన్ని. చప్పుడు కాకుండా వరుసల మధ్య తిరిగి కొందరి తల మీద చేయి పెట్టి, ఏం చెయ్యాలో చెవిలో చెప్పేదాన్ని. చేయి తగిలినవాళ్ళు బైబిలు తెరిచి చాప మీదే వదిలేసి, పిల్లిలాగా గుట్ట వైపు తలుపు గుండా బయటికి జారుకోవాలి. తర్వాత విజిల్ ఊదేదాన్ని. మిగిలినవాళ్ళు కళ్ళు తెరిచేసరికి పక్కన స్నేహితురాలు ఉండదు, ఆమె బైబిలు పేజీలు మాత్రం గాలికి వాటంతటవే తిరుగుతూ ఉంటాయి. మొదటిసారి ఒక పిల్లవాడు లేచి చాప ఎత్తి దాని కింద చూశాడు. నాకు అది చూసి జాలి కలగలేదు, తరగతి చక్కగా జరిగిందనుకున్నాను.

ఇంకా చెప్పాను. మిగిలిపోయినవాళ్ళు బండల సందుల్లో దాక్కోవలసి వస్తుందని చెప్పాను. క్రీస్తు విరోధి వాళ్ళను వెతుక్కుంటూ వస్తాడని, వాళ్ళ అమ్మ గొంతుతోనే, వాళ్ళ నాయన గొంతుతోనే పిలుస్తాడని, పలికితే దొరికిపోతారని, ఎంత పిలిచినా పలకకుండా కంఠత వాక్యాలు చెప్పుకుంటూ ఉండాలని చెప్పాను. ఈ గొంతుల సంగతి ఎవరి ప్రసంగంలో విన్నానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు. నేనే కల్పించి ఉంటాను.

సలోమి తల మీద నేను ఎన్నడూ చేయి పెట్టలేదు. ఆ పిల్లకు కంఠత వాక్యం ఎప్పుడూ సగంలో ఆగిపోయేది, మేకలకు నీళ్ళు చూపించి వచ్చేసరికి తరగతికి ఆలస్యమయ్యేది, అదీ నేను చెప్పుకున్న కారణం. ఒకరోజు అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చి, "అక్కా, నా తలమీద ఎప్పుడు పెడ్తావు చెయ్యి?" అని అడిగింది. పదమూడేళ్ళ పిల్ల, నవ్వడం ఎప్పుడో మానేసింది, గోళ్ళు నెత్తురు వచ్చేదాకా కొరుక్కుంటోంది. నేను చాపలు చుట్టుకుంటూ, "దేవుడు పెట్టమన్న పొద్దు పెడ్తా" అన్నాను. దేవుని పేరు మీద చెప్పిన అబద్ధం అది. ఆయన నాకు ఏమీ చెప్పలేదు.

ఆ ఎండాకాలం మీకు గుర్తుండే ఉంటుంది, బోర్లన్నీ ఎండిపోయి మా వీధి ట్యాంకరు నీళ్ళ మీదే బతికింది. ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక నేను ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టుకుని మిషను ముందు కూర్చున్నాను. ఆదివారం మిషను తొక్కకూడదని పిల్లలకు చెప్పేదాన్ని నేనే, కానీ పెళ్ళివాళ్ళ జాకెట్టు ఒకటి మిగిలిపోయింది, ఎవరికీ వినపడకుండా కిటికీ కూడా మూసుకుని కుడుతున్నాను. జాకెట్టు చేతులు కుట్టడం అయ్యేసరికి లేచి తలుపు తీశాను. మిట్టమధ్యాహ్నం. వీధిలో ఒక్క మనిషి లేడు.

మధ్యాహ్నం ఎండలో వీధి ఖాళీగా ఉండటం వింత కాదు. కానీ తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఎదురింట్లో పొయ్యి మీద సంగటి ఎసరు పొంగి నిప్పుల మీద పడుతోంది, దించేవాళ్ళు లేరు. పక్కింట్లో చీరె ఉయ్యాల ఇంకా ఊగుతోంది, లోపల బిడ్డ లేదు. ఎవరింట్లోనో రేడియో తనపాటికి తాను మాట్లాడుతోంది. పాస్టరయ్య ఇంటి ముందు నిలబడి పిలిచాను, కళ్ళద్దాలు అరుగు మీద ఉన్నాయి, మనిషి పలకలేదు. వీధి మధ్య ఒక చిన్న సుడిగాలి లేచి దుమ్మును గుండ్రంగా తిప్పుకుంటూ నా ముందు నుంచే మందిరం వైపు పోయింది, నేను దాని వెనకే నడిచాను, ఎందుకు నడిచానో తెలియదు.

మందిరంలో చాపలు పరిచి ఉన్నాయి. మూడింటి తరగతికి ముందే వచ్చిన పిల్లల బైబిళ్ళు వరుసగా తెరిచి ఉన్నాయి, పేజీలు తిరుగుతున్నాయి. వాటి మధ్య, మేకల దగ్గర నుంచి అప్పుడే వచ్చిన సలోమి ఒక్కతే నిలబడి వేలితో ఆ బైబిళ్ళను లెక్కపెడుతోంది. అలికిడికి తిరిగి నన్ను చూసింది.

"నువ్వు గూడా ఉండిపోయినావా అక్కా?" అంది మెల్లగా.

ఆ మాటకు నేను జవాబు చెప్పి ఉంటే ఈ సాక్ష్యం ఇక్కడితో అయిపోయేది. నేను ఆ పిల్ల గురించి ఆలోచించలేదు. మూసిన కిటికీ వెనక మిషను తొక్కుతుండగా ఆయన వచ్చి వెళ్ళిపోయాడు, నేను మిగిలిపోయాను, అదొక్కటే నా తలలో తిరుగుతోంది, నా కాళ్ళు వణకడం ఆ పిల్ల చూసింది. బోధించిన అక్కే మిగిలిపోతే ఇక ఆశ ఏముంది? గుట్ట వైపు తలుపు గుండా పరుగెత్తింది.

కాసేపటికి బిందెల చప్పుడు వినిపించింది. ట్యాంకరు ఎండిపోయిన వంక దాటుతూ ఇసుకలో దిగబడిందని, నీళ్ళు కారిపోతున్నాయని ఎవరో కేక వేస్తే, చంటిబిడ్డను చంకన వేసుకున్న తల్లుల దగ్గర నుంచి పాస్టరయ్య దాకా ఉన్నవాళ్ళు ఉన్నట్టే పరుగెత్తారట. మిషను చప్పుడులో ఆ కేక నాకు వినపడలేదు. ఏ ఇంటి ముందైనా బిందె ఉందో లేదో చూసి ఉంటే నాకు సంగతి అర్థమయ్యేది. నేను ఎంత తేలికపడ్డానంటే గట్టిగా నవ్వేసి, నా బిందె తీసుకుని నేనూ నీళ్ళకు పోయాను. సలోమిని మరచిపోయాను. జరిగింది జరిగినట్టే చెప్పాలి.

తరగతి వేళకు వాళ్ళమ్మ రత్నమ్మ వచ్చింది. "సుగుణా, మా పిల్ల యాడుండాది? మేకలొక్కటే ఇంటికొచ్చినాయి" అంది. ఆ పిల్ల గుట్ట వైపు తలుపు గుండా పరుగెత్తడం నాకు అప్పుడు గుర్తొచ్చింది. గుట్ట కింద సలోమి చెప్పులు దొరికాయి. అంత ఎండలో, కాలే బండల మీద, ఒట్టి కాళ్ళతో ఎక్కింది. ఉపవాసం ఉండమని నేనే చెప్పాను కాబట్టి పొద్దున్నుంచి ఆ పిల్ల పచ్చి నీళ్ళు కూడా ముట్టలేదు.

రెండు పెద్ద బండలు ఒకదానికొకటి ఆనుకున్న చోట, కింద ఒక సందు ఉంది. అందులో నుంచి మాట వినిపిస్తోంది. రత్నమ్మ వంగి, "సలోమీ, నేను మీ అమ్మను, బయటికి రా నాయనా" అని పిలిచింది. లోపలి గొంతు పలకలేదు, కంఠత వాక్యం చెప్పడం మొదలుపెట్టింది. తరగతిలో ఎన్నడూ సగం దాటని పిల్ల ఒక్క తప్పు లేకుండా, ఊపిరి తీసుకోకుండా, ఒకదాని తర్వాత ఒకటి చెబుతోంది. తల్లి ఎంత గట్టిగా పిలిస్తే ఆ గొంతు అంత లోపలికి పోతోంది. పాస్టరయ్య పిలిచారు, ఇంకా లోపలికి పోయింది.

అప్పుడు మా తరగతి పిల్ల మార్త ఏడుస్తూ, "పిలవొద్దండి. విరోధి అమ్మ గొంతుతోనే పిలుస్తాడని సుగుణక్క చెప్పినాది" అంది. అందరూ నా వైపు తిరిగారు. నా జీవితంలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు, అది నేను తయారు చేసిందే.

పెద్దవాళ్ళు దూరలేనంత ఇరుకు సందు అది. బండలు కాలిపోతున్నాయి, లోపలి గొంతు బలహీనపడుతోంది, మాటకూ మాటకూ మధ్య ఎడం పెరుగుతోంది. నేను మోకాళ్ళ మీద పడి, నాకు అలవాటైన పెద్ద పెద్ద మాటలతో ప్రార్థన మొదలుపెట్టాను, రెండో మాట దగ్గరే ఆపేశాను. ఆ తర్వాత వచ్చిన ప్రార్థన ఇది: "ప్రభువా, ఈ పిల్లల్ని నీ దగ్గరికి తెస్తా అని చెప్పి నా దగ్గర కట్టేసుకుంటి. ఆ బిడ్డను దాచింది బండ కాదు, నేను. ఏం చెయ్యాల్నో నాకు తెలీదు." సహోదరులారా, దర్శనం కలగలేదు, స్వరం వినపడలేదు. నిజం చెప్పు అన్న ఒక్క తలంపు మాత్రం కలిగింది. మోసం చేసేవాడు అన్నీ చేస్తాడు కానీ తన అబద్ధాన్ని తాను ఒప్పుకోడు కదా.

సందు ముందు బోర్లా పడుకుని, మొహం నేలకు ఆనించి, వీధి అంతా వింటుండగా చెప్పాను.

"సలోమీ, నేను సుగుణక్కను. నిన్ను పలకమని అడగను. నేను చెప్పేది మాత్రం విను. నీ తలమీద చెయ్యి పెట్టొద్దని దేవుడు నాకు చెప్పలేదు. నువ్వు నన్ను చూసి నవ్వినావని నాకు కోపం, అందుకే పెట్టలేదు. ఆ గొంతుల మాట గూడా నేను కట్టి చెప్పిందే. ఎవరూ యాడికీ పోలేదు, ట్యాంకరు కాడికి పోయినారు. నేను పోలేదెందుకంటే తలుపేసుకుని జాకెట్టు కుడతాంటి. ఆదివారం పూట. అందుకే భయపడితి."

వాక్యాలు ఆగిపోయాయి. రత్నమ్మ నా పక్కనే సందు మీదికి వంగింది. తర్వాత లోపల నుంచి, నీరసంగా, "ఎవురి జాకెట్టు?" అని వినిపించింది.

"మీ చిన్నమ్మది" అన్నాను. "చేతులు కుట్టేసినా, కాజాలు మిగిలినాయి."

బట్ట బండకు రాసుకుంటున్న చప్పుడు, తర్వాత రెండు పాదాలు, బొబ్బలెక్కి. తల్లి లాగి ఒళ్ళో వేసుకుని, చెంప మీద ఒకటి కొట్టి, ఆ చెంపనే ముద్దు పెట్టుకుని, చెంబుతో నీళ్ళు కొంచెం కొంచెం తాగించింది. తర్వాత నా వైపు చూసి, "నా బిడ్డను నాకిచ్చిన దేవునికి దండం. నిన్ను మాత్రం ఈ పొద్దు చూడలేను, పో సుగుణా" అంది. నేను గుట్ట దిగి వచ్చేశాను. ఆమె అన్నది న్యాయం.

ఆ బిడ్డ బతకడం దేవుని కార్యం, దేవునికే మహిమ. నన్ను విడిపించడం ఇంకో కార్యం, అది ఒక్కరోజులో అయింది కాదు. పాస్టరయ్య నన్ను కొన్నాళ్ళు బోధించకుండా కూర్చోబెట్టి, తర్వాత మళ్ళీ తరగతి ఇచ్చారు. ఇప్పుడు పిల్లల ముందు నిలబడను, వాళ్ళతోపాటు చాప మీదే కూర్చుంటాను. రాకడ గురించి చెబుతాను, పెళ్ళికి పిలుపు చెప్పినట్టు చెబుతాను. వాళ్ళు గోల చేస్తారు, నన్ను అనుకరిస్తారు, బాగా చేస్తారు కూడా. ఒక్కోసారి ఓపిక చచ్చిపోయి ఆ పాత మాట నాలుక చివరికి వస్తుంది, అప్పుడు లేచి బయటికి పోయి, తండ్రీ నన్ను పట్టుకో అని చెప్పుకుని లోపలికి వస్తాను. ఇంతవరకూ ఆయన పట్టుకున్నాడు.

సలోమి వాళ్ళు ఆ ఏడే కూలికి బెంగళూరు వెళ్ళిపోయారు. ఆమె ఇప్పుడు పెద్దదయింది, గార్మెంట్సులో పని చేస్తోందట, ఏ మందిరానికీ వెళ్ళదట. రోజూ ఆమె పేరు ఎత్తి ప్రార్థిస్తాను, రమ్మని అడిగే హక్కు నాకు లేదు.

ఈ సాక్ష్యం ఆమె కోసం రాయలేదు. ఆ తరగతిలో ఇరవై మంది ఉండేవాళ్ళు. ఒక్క బిడ్డను అందరం కలిసి బండ కింద నుంచి తీశాము, మిగిలినవాళ్ళు ఇంటికి వెళ్ళి అన్నం తిన్నారు కాబట్టి వాళ్ళకేమీ కాలేదనుకున్నాము. ఆ తరగతి పిల్లలారా, మీలో ఎవరైనా ఇది చదువుతుంటే, పెళ్ళిళ్ళయి పిల్లలున్నవాళ్ళయినా సరే, ఇంట్లో ఎవరూ పలకకపోతే ఇప్పటికీ మీ గుండె ఆగిపోతుంటే, వినండి నాయనా. మిమ్మల్ని భయపెట్టింది నేను. ఆయన కాదు. నన్ను నమ్మి మీరు దాక్కున్నారు, నన్ను నమ్మకపోయినా ఫరవాలేదు, ఆయన్ను నమ్మి బయటికి రండి.