మిద్దె మీద పార్టీ ఆఫీసు

మా మిద్దె మీది గదిని నాయన ఒక పార్టీకి బాడుగకిచ్చిన ఏడు నేను చిత్తూరులో డిగ్రీ చదువుతున్నాను. ఆ పార్టీ పేరు ఇక్కడ రాయను. మతం పేరు చెప్పుకుని కొత్తగా పుట్టిన పార్టీ. ఊళ్లో దానికి అప్పటికి ఒక జెండా, ఒక మైకు, కొందరు కుర్రవాళ్లు తప్ప ఏమీ లేవు. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే వడమాలపేట అతను వాళ్లకు నాయకుడు. మెత్తగా మాట్లాడేవాడు. వచ్చిన మొదటి రోజే నాయనను ‘పెదనాయనా’ అని పిలిచి కాళ్లకు మొక్కాడు. నాయన బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. అంతకుముందు బయటివాళ్లెవరూ ఆయన కాళ్లకు మొక్కలేదు. కరిగిపోయాడు. నాకు మాత్రం అతను అంత సులువుగా వంగడం నచ్చలేదు.

మా పక్కిల్లు మామిడికాయల వ్యాపారం చేసే సాయిబుది. పూతలపట్టు దారిలో మాకున్న చిన్న తోటను ఏటా ఆయనే గుత్తకు తీసుకునేవాడు. పూత మీదుండగానే చెట్లన్నీ తిరిగి చూసి, నాయనతో మాట అనుకునేవాడు. కాగితాలేమీ రాసుకునేవాళ్లు కాదు. నేను ఆయన్ను మామా అని, ఆయన భార్యను అత్తా అని పిలిచేదాన్ని. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేవాళ్లు. వాళ్ల పెరటి వెనకే కాయలు మాగేసి అమ్మే మండీ.

నాయకుడు సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని నాయనతో కబుర్లాడేవాడు. ఎవరినీ ఒక్క మాట అనేవాడు కాదు, ఊరికే అడిగేవాడు. పక్కింటికి అంతమంది చుట్టాలు ఎందుకొస్తారు, వాణియంబాడి నుంచి వచ్చే లారీలు ఏం దించిపోతాయి, మండీ తలుపు పగలు కూడా ఎందుకు మూసుంటుంది అని. ఆ చుట్టాలను, ఆ లారీలను నాయన ఏళ్ల తరబడి చూస్తున్నవాడే. కాయలు మాగేసినప్పుడు గాలి తగలకుండా తలుపు మూస్తారని ఆయనకు తెలియనిది కాదు. కానీ ఆ ప్రశ్నలు చెవిన పడ్డాక, వీధి వైపు వేసుకునే కుర్చీని పక్కింటి వైపు తిప్పి వేసుకోవడం మొదలుపెట్టాడు.

పార్టీ మేం చూస్తుండగానే పెరిగింది. వినాయకుడి ఊరేగింపును కావాలని మసీదు వీధిలోంచి తిప్పి, అక్కడ మైకు పెంచారు. మరుసటి వారానికి మా మెట్ల కింద చెప్పులు పట్టలేదు. అంతకుముందు వాళ్లను చూసి నవ్విన షావుకార్లు మెట్లెక్కి వెళ్లి కూర్చోసాగారు. మునిసిపల్ ఎన్నికల్లో రెండు వార్డులు గెలిచారు. నాయకుడికి జీపు వచ్చింది.

ఆ ఎండాకాలంలోనే పోలీసులు పక్కింటి మండీకి వచ్చారు. బాంబుల సరుకు దాచారని ఫిర్యాదు అందిందట. నేను మా పెరటి గోడ దగ్గర నిలబడి చూశాను. వెనక గదిలోంచి రేకు డ్రమ్ములు బయటికి దొర్లించి మూతలు తీశారు. లోపల బూడిదరంగు రాళ్లు.

“కార్బైడ్ సార్. కాయలు మాగేసేదానికి. ఈ బజార్లో ఏ మండీలో సూసినా ఉంటాది” అన్నాడు మామ. గొంతు పెంచలేదు.

ఎస్సైకీ అది తెలిసినట్టే ఉంది. అయినా ఆయన్ను జీపెక్కించుకుని పోయి, పొద్దుగూకే వేళకు వదిలిపెట్టారు. మిగతా మండీల జోలికి ఎవరూ పోలేదు.

ఆ వెనక గదిలోకి బయటివాళ్లు వెళ్లరు. నాయన వెళ్లేవాడు. ఆయన అన్నం తింటుండగా అడిగాను.

“నువ్వు చెప్పినావా నాయనా?”

“డ్రమ్ములుండాయని చెప్పినా. అంతే. అందులో ఏముండాదో నాకేం తెలుసు?”

“పోయినేడు మన కాయలు మాగేసినప్పుడు ఆయనే గదా నీకు సూపించినాడు.”

నాయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మరుసటి ఏడు పూత వచ్చినప్పుడు మామ తోటకు వెళ్లలేదు. మా ఇంటికి వచ్చి, గడప అవతలే నిలబడి, ఈసారి తోట వద్దని, వేరేవాళ్లను చూసుకోమని చెప్పాడు. రేటు గిట్టలేదా అని నాయన అడిగాడు.

“రేటు కాదన్నా. నేను తోటలో ఉండే పొద్దంతా నువ్వు నా ఇల్లు సూస్తా ఉంటే, నాకు కాయ మింద ధ్యాస నిలవదు.”

ఆ ఏడాదే వాళ్లు ఇల్లు మార్చారు.

పక్కిల్లు ఖాళీ అయ్యాక మిద్దె మీదివాళ్ల అనుమానం మా మీదికి మళ్లింది. నేను బట్టలు ఆరేయడానికి పైకి వెళితే గదిలో మాటలు ఆగిపోయేవి. ఒక రోజు నాయకుడు, మీ పాప కాలేజీలో ఎవరెవరితో మాట్లాడుతుందో కనుక్కున్నారా అని నాయనను అడిగాడట. అడిగాడని నాయన నాతో చెప్పలేదు, అమ్మ చెప్పింది. కొన్నాళ్లు నాయన నన్నూ అట్లాగే చూశాడు. నా సంచీ ఉన్న చోటు మారినట్టు ఒకసారి అనిపించింది.

తర్వాత ఆ అనుమానం వాళ్లలో వాళ్లకే పట్టుకుంది. అసెంబ్లీ ఎన్నికల్లో డిపాజిట్ దక్కలేదు. ఓటర్లు వద్దన్నారని ఒప్పుకోవడం కంటే, లోపలివాడెవడో అమ్ముడుపోయాడని నమ్మడం వాళ్లకు తేలికయింది. గెలిచిన ఇద్దరు కౌన్సిలర్లూ అధికార పార్టీలోకి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఒకరినొకరు కనిపెట్టుకుంటూ తిరిగారు. చివరికి పోస్టర్లు అంటించే వాళ్లలో ఒకణ్ణి, అవతలి పార్టీకి సమాచారం ఇస్తున్నాడని మా మెట్ల మీదే కొట్టారు. వాడి ముక్కులోంచి కారిన రక్తం అమ్మ నీళ్లు పోసి కడిగింది. ఆ రోజే నాయన పైకి వెళ్లి గది ఖాళీ చెయ్యమన్నాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. అప్పటికి అక్కడ ఉన్నది నలుగురే.

నా పెళ్లికి నాయన స్వయంగా వెళ్లి మామా వాళ్లను పిలిచాడు. వచ్చారు. అత్త నా చేతికి చీర ఇచ్చి, తల నిమిరింది. భోజనం చేసి, అందరికీ చెప్పి, తొందరగానే బయల్దేరారు. మర్యాదలో ఏ లోటూ లేదు. అంతకు మించి కూర్చోమనడానికి నాయనకు నోరు రాలేదు.

చాలా ఏళ్ల తర్వాత, తిరుపతిలో నేను పనిచేసే స్కూలు వార్షికోత్సవానికి ఆ నాయకుడు అతిథిగా వచ్చాడు. వేరే పార్టీ కండువా మెడలో ఉంది. అన్ని మతాల పిల్లలూ ఒక తల్లి బిడ్డల్లా ఉండాలని చక్కగా మాట్లాడాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. దిగివస్తూ నన్ను గుర్తుపట్టి ఆగాడు. నాయన గురించి అడిగాడు. తర్వాత, “మీ పక్కింటి సాయిబు బాగుండాడామ్మా?” అన్నాడు.

“బాగుండాడు” అన్నాను.

యాడుండాడని అడుగుతాడేమోనని, వాళ్లు లేని ఏ ఊరి పేరు చెప్పాలా అని లోపల వెతుక్కుంటూ నిలబడ్డాను. అతను నవ్వి, కారు వైపు నడిచాడు.