నాన్న సైకిల్‌కు కొత్త స్టెమ్ము

మొన్న నరసరావుపేటలో మందుల కోసం ఆగినప్పుడు, పక్క కొట్లో అద్దాల వెనక నిలబెట్టిన గేర్ల సైకిల్ ముందు చాలాసేపు నిలబడిపోయాను. హ్యాండిల్‌ను పట్టి ఉంచే కాడను, అదే స్టెమ్మును, నాలుగు చిన్న బోల్టులతో ఎంత ముచ్చటగా బిగించారో! ‘మనవడికా అంకుల్?’ అని కొట్లో అమ్మాయి అడిగింది. నాకేనంటే నవ్వుతుందేమోనని ఊరుకున్నాను.

ఎనభైల్లో నేను మలేరియా శాఖలో చేరి, శావల్యాపురం చుట్టుపక్కల ఊళ్లలో జ్వరాలవాళ్ల వేళ్లు గుచ్చి గాజుపలకల మీద రక్తం చుక్కలు తీసుకునేవాణ్ణి. నాకు ఊళ్లు తిరగడం కష్టమవుతోందని నాన్న, ఎవరినీ తాకనివ్వని తన సీమ సైకిల్, ఇంగ్లండు బండి, ఇచ్చాడు. తాతయ్య కొనిచ్చిన ఆ బండికి నాటినుంచి పానా తగల్లేదని ఆయన గొప్ప.

ఒకనాడు కాలవ గట్టు మలుపులో హ్యాండిల్ తిప్పితే, హ్యాండిల్ తిరిగింది గానీ చక్రం తిరగలేదు. గాజుపలకల పెట్టెతో సహా మిరపచేలో పడ్డాను. పలకలన్నీ పగిలాయి. మర్నాడు మళ్లీ గడప గడపకూ వెళితే ఒక పెద్దమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని, ‘నిన్ననేగదరా గుచ్చింది, మళ్లీ ఏంది?’ అని చానా తిట్టింది.

బండి నడిపించుకుంటూ, నాన్నతో కలిసి, మేం మావయ్యా అని పిలిచే పేట మెకానిక్ దగ్గరికి వెళ్లాను. తుప్పుపట్టిన కాడ ఊడిరాలేదు. రెండు రోజులు కిరసనాయిలు పోసి నానబెట్టాక, ముక్కలై బయటపడింది. దాని చుట్టూ పలచని రేకు చుట్టి ఉంది.

మావయ్య దాన్ని వెలుగులో తిప్పి చూశాడు. ‘ఈ స్టెమ్ము బండితో వచ్చింది కాదు బావా. ఏదో సన్నది దూర్చి, వదులు తెలీకుండా రేకు చుట్టారు. ఇదెప్పటి పని?’

అరవై దాటిన నాన్న, తాతయ్య ఎదుట నిలబడ్డట్టు తల దించుకున్నాడు. బండి కొన్న ఏడాదే ఇంట్లో చెప్పకుండా అమరావతి వెళుతూ ఎద్దుల బండిని గుద్ది హ్యాండిల్ విరగ్గొట్టాడట. గుట్టుగా బాగుచేయించాడు. ‘మా నాయనకి చెప్పలేకపోయాన్రా. పోయిందాకా ఆయనకి తెలవదు,’ అన్నాడు.

కొత్త రకం స్టెమ్ము తెస్తే అది పాత గొట్టంలో పట్టలేదు, వెంట్రుకవాసి లావు. గొట్టం లోపల ఆకురాయి పెడతానన్నాడు మావయ్య. బండి జోలికి వెళ్లొద్దు, కొత్తదాన్నే సన్నం చెయ్యమన్నాడు నాన్న. లేత్ మిషన్ మీద ఇనుము ఉంగరాలుగా లేస్తుంటే ముగ్గురం కళ్లప్పగించి చూశాం. తర్వాత అది గొట్టంలోకి మెల్లగా జారి, బిగిసింది. నాన్న ముందు తనే ఎక్కి రైలు గేటు దాకా వెళ్లొచ్చాడు. దిగి హ్యాండిల్ నా చేతికిచ్చి, ‘ఏదన్నా విరిగితే నాకు చెప్పురా,’ అన్నాడు.

ఇప్పుడు ఏ భాగం పోయినా అచ్చంగా సరిపోయేది అట్టపెట్టెలో ఇంటికే వస్తుంది. సుఖమే, కాదనను. కానీ ఆ మూడు రోజులు తుప్పు ముక్క చుట్టూ కూర్చోకపోతే, మా నాన్నకూ ఒక నాన్న భయం ఉండేదని నాకు తెలిసేది కాదు. అమరావతికి ఎందుకు వెళ్లావని అడగాలని మాత్రం ఆనాడు తోచలేదు. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు.