హారన్ లేని ప్రయాణం

పొద్దున కారు తాళం తిప్పగానే వెనక సీటు కింద నుంచి సన్నగా 'జుయ్' మని వినిపించి ఆగింది. ట్యాంకులోంచి ఇంజనుకు పెట్రోలు తోడే పంపు మేలుకునే చప్పుడది. అది వినేదాకా నేను ఇంజను స్టార్ట్ చేయను. నాకు ఆ అలవాటు చేసింది ఖాజా చాచా.

ఎల్లారెడ్డిలో మా ఇంటి పక్కనే చాచాది కార్ల కరెంటు పనుల షాపు. ఏ బండి వచ్చినా ముందు అక్కడున్న వాళ్లందరి నోరు మూయించేవాడు. యజమాని ఏదో చెప్పబోతే, "జర ఆగన్నా, ముందు బండిని చెప్పనియ్యి" అని కళ్లు మూసుకునేవాడు. నేను డ్రైవింగ్ నేర్చుకునే రోజుల్లో నా కంగారు చూసి నవ్వేవాడు. "బ్రేకు కన్న హారనే ఎక్కువ కొడుతున్నవ్ బేటీ! రోడ్డంత నీకు భయపడాల్నా ఏంది?"

పాపకు ఏడాది నిండకముందు ఒక మధ్యాహ్నం వాంతులు పట్టుకుని ఆగలేదు. మా ఆయన ఊళ్లో లేడు. వెనక సీట్లో అమ్మ పాపను ఒళ్లో పెట్టుకుంటే, కామారెడ్డి ఆసుపత్రికి బయలుదేరాను. తాడ్వాయి దగ్గర కారు ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది కానీ ఇంజను అందుకోవడం లేదు. చాచాకు ఫోన్ చేశాను.

"ఫోను వెనక సీటు మీద పెట్టు. తాళం సగమే తిప్పు, స్టార్ట్ చెయ్యకు. నేను వింట."

తిప్పాను. పాప ఏడుస్తూనే ఉంది.

"పంపు సప్పుడు లేదు. పాప గొంతు మాత్రం గట్టిగున్నది. పరేషాన్ కాకు."

ఫ్యూజు తీయించాడు. అది బాగానే ఉంది. అప్పుడు హారన్‌కు కరెంటు అందించే చిన్న నల్లడబ్బీని, రిలేని, పీకి పంపు రిలే ఉన్న చోట గుచ్చమన్నాడు. మా కారులో రెండూ ఒకే రకం.

"మరి హారన్, చాచా?"

"ఇయ్యాల హారన్ లేదు. నువ్వే సూసుకుంట నిమ్మలంగ పో."

తాళం తిప్పాను. జుయ్. నాకన్నా ముందే ఫోనులో చాచా "అల్‌హమ్దులిల్లా" అన్నాడు.

దారిలో గొర్రెల మంద అడ్డొచ్చింది. చెయ్యి హారన్ మీదికి పోయి వెనక్కి వచ్చింది. అమ్మ అద్దం దించి "పిల్లకు బాగలేదు, అన్నా" అని పిలిస్తే కాపరి మందను పక్కకు తోలాడు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టాక, సాయంత్రానికి పాప నా వేలు పట్టుకుంది.

చాచా ఇప్పుడు లేడు. ఆ ప్రయాణం తర్వాత ఆయన తెచ్చిచ్చిన అదనపు రిలే ఇంకా నా డాష్‌బోర్డులోనే ఉంది. ఇది రాస్తుంటే పక్కగదిలో పాప దగ్గింది. గబుక్కున లేచి లైటు వేయబోయి, తలుపు దగ్గర ఆగాను. కళ్లు మూసుకుని విన్నాను. అటు ఒత్తిగిలింది. ఊపిరి మళ్లీ సన్నగా, సమంగా సాగింది.

లైటు వేయలేదు.