లడ్డూ సంధి

పచ్చకర్పూరం వేసిన బూందీ లడ్డూ వాసన తగిలితే నేను ఇప్పటికీ అక్కణ్ణుంచి జరిగిపోతాను. స్టాఫ్‌రూంలో ఎవరింట్లోనో శుభకార్యమని డబ్బా మూత తీసినప్పుడల్లా షుగరుందని చెప్పి తప్పించుకుంటాను. లేని జబ్బును ఇన్నేళ్లుగా ఇంత శ్రద్ధగా పోషిస్తున్నవాణ్ణి మా బడిలో నేనొక్కణ్ణే. అసలు సంగతేమిటంటే, తొమ్మిదేళ్ల వయసులో నేనొక తెలివితక్కువ పని చేశాను. చాలాకాలం దాన్ని గొప్ప పనిగా నలుగురిలో చెప్పుకుని నవ్వించాను కూడా. అది గొప్పది కాదని తెలుసుకోవడానికి నాకు పాతికేళ్లూ, ఈ మధ్య బడివాళ్లు పెట్టించిన రెండు రోజుల శిక్షణా పట్టాయి.

అప్పట్లో మేం గల్ఫులో, సనాబిస్ అనే పేటలో ఉండేవాళ్లం. శుక్రవారం పొద్దున నాన్న వీధి చివరి రొట్టెల కొట్టుకు వెళ్లి, పాత అరబ్బీ పేపర్లో చుట్టిన వేడి ఖుబ్బూస్ తెచ్చేవాడు. దాని మీద పేపరు అక్షరాలు అంటుకుని ఉండేవి, అమ్మ వాటిని చేత్తో దులిపి, ఊరి నుంచి ఎవరో తెచ్చిన గోంగూర పచ్చడి రాసి చుట్టి చేతికిచ్చేది, అది నములుతూనే మెట్లు దిగి, కింది అంతస్తులో అద్దెకు తీసుకున్న హాల్లో జరిగే తెలుగు తరగతికి పరిగెత్తేవాళ్లం. కిటికీకి బిగించిన ఏసీ గుర్రుపెడుతూ బకెట్లోకి నీళ్లు కార్చేది. పక్క గదిలో నాన్నలంతా పేకాడుతూ, ఊళ్లో స్థలాలూ వీసాలూ తప్ప మరో మాట లేకుండా టీలు తాగేవాళ్లు. ఉగాదికి రోడ్డు పక్క వేపచెట్ల పూత దులిపి తెచ్చేది మేమే. తరగతి అయ్యాక కార్ల మధ్య క్రికెట్టు; ఎండ మరీ మండిపోయి, గాలిలో తేమకు చొక్కా వీపుకి అతుక్కుపోయే రోజుల్లో మెట్ల దగ్గర కూర్చుని, తాగేసిన జ్యూసు డబ్బాల్లోకి గాలి ఊది, కింద పెట్టి, మడమతో తొక్కి పేల్చడం. ఎవరి డబ్బా గట్టిగా పేలితే ఆ పూటకు వాడే రాజు. నేను తరచుగా రాజునే. మరి దేంట్లోనూ కాలేదు కనుక చెప్పుకుంటున్నాను.

మాస్టారు వారమంతా ఏదో కంపెనీలో ఆఫీసరు, శుక్రవారం ఒక్కపూట మాస్టారు. కోస్తా మనిషి, మడత నలగని తెల్లచొక్కా, నశ్యం అలవాటు. మాకు సంధులు నేర్పేవారు. కాబట్టి పిల్లలు కొట్టుకున్నప్పుడు సంధి చేయించడం కూడా తన పరిధిలోదేనని నమ్మేవారు. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అన్నవి ఆయనకు అనవసరం. ఇద్దర్నీ అందరి ముందూ ఎదురెదురుగా నిలబెట్టి, బల్ల మీది స్టీలు డబ్బాలోంచి ఒక లడ్డూ తీసి, ఒకడి చేత సగం కొరికించి, మిగిలిన సగం రెండోవాడి నోట్లో పెట్టించేవారు. ఒకరి ఎంగిలి ఒకరు తింటే పగ ఉండదని ఆయన సిద్ధాంతం. నశ్యం వేళ్లతో తీసిన లడ్డూ, అవతలివాడి ఉమ్మితో తడిసి, ఏడుపులో కారిన చీమిడి కూడా అంటుకుని నోటి ముందుకొచ్చేది. అది మింగి నవ్వాలి. నవ్వితే పక్క గదిలోంచి తొంగిచూసే నాన్నలు చప్పట్లు కొట్టేవారు. సంధిలో ఎవరో ఒకరి అచ్చు లోపించక తప్పదని మాస్టారే చెప్పేవారు. మా సంధుల్లో మాత్రం ప్రతిసారీ ఇద్దరి నోరూ లోపించేది.

శ్రావణి మా తరగతిలో ఆర్నెల్లే ఉంది. వాళ్లది జగిత్యాల వైపు పల్లె, వాళ్ల నాన్న తుబ్లీలో ఒక వర్క్‌షాపులో ఫోర్‌మాన్. ఒకరోజు అక్కడ గ్యాస్ సిలిండరు పేలింది. ఆయనకు అన్నం డబ్బా ఇవ్వడానికి తల్లితో కలిసి వెళ్లిన శ్రావణి అప్పుడు గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆయన ఆస్పత్రి పాలయ్యాడు. ఆ తర్వాత ఆ పిల్ల తలుపు పడ్డా, కుర్చీ జరిగినా ఉలిక్కిపడేది. ఈ సంగతి హాల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే సౌకర్యం నాకు లేదు.

ఒక శుక్రవారం ఆమె వెనక్కి వెళ్లి జ్యూసు డబ్బా పేల్చాను.

వెనక్కి తిరిగి చూడకుండానే చేతిలోని టిఫిను డబ్బాతో కొట్టింది. నా ఎడమ కనుబొమ మీది మచ్చ అదే. నా ముఖంలో కాస్త అర్థమున్న భాగం అదొక్కటే. కొట్టి, బల్ల కిందికి దూరి, చెవులు మూసుకుని ముడుచుకుపోయింది. మాస్టారు వంగి చెయ్యి పట్టి ఇవతలికి లాగారు.

"ఏవిటే ఈ అఘాయిత్యం. రా, వాడికి తీపి తినిపించు."

ఆ పిల్ల పళ్లు బిగించింది.

"అలా అయితే ఎలా. ఒరేయ్, నువ్వే పెట్టు ముందు. కొంచెం కొరికి పెట్టరా."

నేను కొరికాను. రాజును కదా. కొరికిన ముక్కను ఆమె పెదాల మధ్య బొటనవేలితో కుక్కాను, మాస్టారు ఆ పిల్ల గడ్డం పట్టుకున్నారు. పచ్చకర్పూరం వాసన, నశ్యం వాసన, బకెట్లో నిలిచిన నీళ్ల వాసన. శ్రావణి నా చొక్కా మీదే కక్కేసింది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

శ్రావణిని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన వాళ్లమ్మ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.

"అమ్మా, ముందది కాస్త తుడవండి, పిల్లలు తొక్కుతారు," అన్నారు మాస్టారు.

"తుడుస్త సారూ. ముందుగాల పిల్లను సూసుకోనియ్యుండ్రి."

ఆవిడ బిడ్డకు ఎదురుగా కాదు, పక్కన, ఆ తడి నేల మీదే చతికిలబడింది. ఏమైందని అడగలేదు, ఎవరు కొట్టారని అడగలేదు. ముడుచుకున్న ఆ వీపు మీది జడ మెల్లగా విప్పి, చిక్కు తీసి, మూడు పాయలు చేసి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. చివరిదాకా అల్లి మళ్లీ విప్పింది. "ఊకో బిడ్డా. ఈడనే ఉన్న," అంది ఒకే ఒక్కసారి. రెండో అల్లికకు శ్రావణి చెవుల మీంచి చేతులు తీసింది. మూడో అల్లిక పూర్తయ్యాక ఆవిడ లేచి నేల తుడిచింది, నా చొక్కా కూడా తడిగుడ్డతో తుడిచింది. మరుసటి శుక్రవారం శ్రావణి రాలేదు. వాళ్ల నాన్నను పనిలోంచి తీసేసి ఖలాస్ అన్నారట, కుటుంబమంతా ఊరికి వెళ్లిపోయింది. క్షమించమని అడగడానికి నాకు అడ్రసు లేదు. ఉన్నా అప్పట్లో అడిగేవాణ్ణి కాదు. ఆ కథను కాలేజీలో హాస్యంగా వాడుకున్నాను.

మొన్నటి శిక్షణలో ఒక చిన్న వయసు టీచరమ్మ తెర మీద బొమ్మలు చూపిస్తూ చెప్పింది. భయపడ్డ పిల్లకు ముందు ఒళ్లు నెమ్మదించాలి, మాటలు తర్వాత. ఎదురుగా నిలబడకండి, పక్కన కూర్చోండి. ఎందుకు చేశావని వెంటనే అడగకండి. పదిమంది ముందు సారీ చెప్పించకండి. చేతులతో ఏదైనా ఒకే తీరున నిదానంగా చేస్తూ ఉండండి, పిల్ల ఊపిరి దాన్ని అందుకుంటుంది. బుద్ధిగా రాసుకుంటున్నవాణ్ణి అక్కడ ఆగిపోయాను. బొమ్మలూ సర్టిఫికెట్టూ లేకుండా ఇదంతా చేసిన మనిషి చేత మేం వాంతి తుడిపించాం.

ఇప్పుడు శుక్రవారం తెలుగు తరగతి తుబ్లీలో ఒక హాల్లో జరుగుతుంది, చెప్పేది నేనే. ఆ శిక్షణ అయిన కొద్దిరోజులకు మాస్టారు ఇక్కడున్న కూతురి దగ్గరికి వచ్చారని తెలిసి పెద్దలు ఆయనకు శాలువా కప్పుదామన్నారు. ఆయన స్టీలు డబ్బాతో సహా వచ్చారు. సభ మొదలుకాకముందే రిత్విక్ అనే ఎనిమిదేళ్లవాడు పక్కవాడి చెయ్యి కొరికి, బల్ల కిందికి దూరి, చెవులు మూసుకున్నాడు. చెయ్యి కడగడానికి రెండోవాణ్ణి వాళ్లమ్మ తీసుకెళ్లింది. నేను బల్ల పక్కన నేల మీద కూర్చున్నాను. అల్లడానికి వాడికి జడ లేదు, నాకు జుట్టే లేదు. నా బూటు లేసు విప్పి నెమ్మదిగా కట్టాను. మళ్లీ విప్పాను.

"ఒరేయ్, అదేవిట్రా, నేల మీద కూలబడ్డావు," మాస్టారు డబ్బా మూత తీస్తూ వస్తున్నారు. "మన పాత మందుందిగా. ఇలా లాగు వాణ్ణి."

బల్ల కింద వాడి ఊపిరి మళ్లీ వేగమైంది.

లేచి నిలబడ్డాను. డబ్బాలోంచి అన్నింటికంటే పెద్ద లడ్డూ ఏరి, "ముందు మీకు, మాస్టారూ. మీ సంప్రదాయమేగా," అన్నాను అందరికీ వినబడేలా. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఆయన తల వెనక్కి తీసుకున్నారు, పళ్లు బిగించారు. తర్వాత ఫోన్లకేసి చూసి, నవ్వి, నోరు తెరిచారు. సగం పెట్టాను. మిగతా సగం నువ్వు తినమన్నట్టు వేలితో నా వైపు చూపించారు.

"షుగరు, మాస్టారూ," అని ఆ సగం కూడా ఆయనకే పెట్టాను.

కట్టుడు పళ్ల మనిషి. నమలడానికి నాలుగు నిమిషాలు పట్టింది. కళ్లనిండా నీళ్లు, నోటినిండా లడ్డూ, హాలునిండా చప్పట్లు. శిక్షణలో ఇలాంటిది ఎక్కడా చెప్పలేదు. పైగా చెయ్యకూడదన్నవే నేను వరసగా చేశాను. సనాబిస్‌లో ఆ రొట్టెల కొట్టు లేదు, మేమున్న భవనం లేదు, జ్యూసు డబ్బాలు తొక్కే మెట్లు లేవు. శ్రావణి ఎక్కడుందో నాకు తెలియదు. ఆయన మాట్లాడకుండా ఉన్న ఆ నాలుగు నిమిషాల్లో నేను మళ్లీ కింద కూర్చుని లేసు విప్పి కట్టాను. మూడోసారి కడుతుండగా బల్ల కిందనుంచి ఒక చిన్న బూటు, లేసు ఊడి ఉన్నది, మెల్లగా నా మోకాలి దాకా జరిగింది.